ఏం వాసన?

మెట్లు సగం ఎక్కేసరికే యశస్విని ముక్కుకు తగిలింది. కింద వాటాలో ఉండే ఇంటామె రామలక్ష్మమ్మ అప్పటికే గడప దాటి వచ్చి పైకి చూస్తూ నిలబడి ఉంది. "గ్యాసు వాసన వస్తాండాదమ్మా, మీ ఇంట్లోదేనేమో సూడు" అంది. శనివారం ఒంటిపూట బడి. లెక్కల పేపర్లున్న సంచీ భుజమ్మీంచి జారిపోతున్నా పట్టించుకోకుండా యశస్విని మిగిలిన మెట్లు ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలీదు. తలుపు తీసే ఉంది. వంటింట్లో సిద్దేశ్, ఆమె మొగుడు, అప్పుడే స్నానం చేసి తడి తువ్వాలు భుజాన వేసుకుని, పాలు పొంగి మంట ఆరిపోయిన స్టవ్ ముందు నిలబడి ఉన్నాడు. ఎడమ చేత్తో పాలగిన్నె పక్కకు జరిపాడు. కుడి చేతిలో లైటర్. బర్నర్ మీదికి వంగుతున్నాడు.

ఆమె అరిచిందో, అరవడానికి నోరు రాక దూకిందో గుర్తు లేదు. లైటర్ లాక్కుని బాల్కనీలోంచి బయటికి విసిరేసింది. స్టవ్ ఆపింది, సిలిండర్ మీద రెగ్యులేటర్ తిప్పింది, కిటికీలు, వెనక తలుపు, ముందు తలుపు అన్నీ బార్లా తెరిచింది. అలవాటుగా ఫ్యాను స్విచ్చి మీదికి పోయిన చేతిని నిప్పు తాకినట్టు వెనక్కి లాక్కుంది. అతని రెక్క పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చి, "ఇంత వాసన వస్తాంటే పొయ్యి వెలిగిస్తావా?" అంది. అతను ఆమె మొహంలోకి చూశాడు. అబద్ధం చెప్పేవాడి చూపు కాదు, వెటకారం కాదు, నిజంగానే అర్థం కాని చూపు.

"ఏం వాసన?" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరూ మిద్దె మీదికి పోయే మెట్ల మీద కూర్చున్నారు. ఆమె పైన, అతను రెండు మెట్లు కింద. గాలి బాగా ఆడేదాకా ఒక గంటసేపు లోపలికి పోవద్దు, కరెంటు స్విచ్చులు ముట్టుకోవద్దు అని రామలక్ష్మమ్మ చెప్పి తలుపేసుకుంది. సత్యనారాయణపేట వీధిలో ఎండ తెల్లగా పరుచుకుంది. ఎవరో స్కూటర్ తుడుచుకుంటున్నారు, ఎదురింట్లో కుక్కర్ కూతేసింది, ఒక ఆటో ఏదో కన్నడ పాట మోగించుకుంటూ మలుపు తిరిగింది. అంతా మామూలుగా జరిగిపోతోంది, అదే ఆమెకు వింతగా ఉంది. ఎదురుగా అతని వీపు. బనియను మెడ దగ్గర చిన్న చిల్లు. ఆ వీపు, ఆ చిల్లు, ఇంకొక్క రెప్పపాటు ఆలస్యమైతే… కాదు, అది ఆలోచించకూడదు. ఆటో గురించి ఆలోచించాలి, పేపర్ల గురించి ఆలోచించాలి, ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కరు కూడా భిన్నాలు సరిగా చెయ్యలేదు. ఏం వాసన అన్నాడు. కింద ఇంట్లో అంత పెద్ద మనిషికి, తలుపులు వేసుకున్నామెకి తగిలిన వాసన, దాని నడుమన నిలబడ్డవాడికి తగల్లేదు. జలుబేమో. జలుబు లేదు, రాత్రి మాట్లాడినప్పుడు గొంతు బాగానే ఉంది. మరి జలుబు లేని మనిషికి వాసన ఎట్లా తెలీకపోయింది, ఎప్పటినుంచి తెలీడం లేదు? ఈ ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోయింది. దాని జవాబు ఏదైనా సరే, తన ఇంట్లో ఏదో ఒకటి కూలబోతోందని ఆమెకు ముందే తెలిసిపోయినట్టుంది.

ఆ వంటింటి కోసం వాళ్ళిద్దరూ చేసిన యుద్ధం ఏమన్నా చిన్నదా. యశస్విని నాయన వాళ్ళకి పొలాలు, నాలుగు లారీలు. తాత మంత్రాలయం పోయొచ్చి మాంసం మానేసినప్పటినుంచి ఇంట్లో ఎవరూ ముట్టరు. పొద్దున్నే తలమీద నీళ్ళు పోసుకోకుండా పొయ్యి వెలిగించరు, రాత్రి మిగిలింది పొద్దున తినరు. సిద్దేశ్‌ది సండూరు దగ్గర బండ్రి. అమ్మ మారెక్క కూలికి పోయేటప్పుడు తెల్లారకముందే రొట్టెలు తట్టి, రాత్రి సద్దన్నంలో మజ్జిగ పోసి పిల్లలకి పెట్టి పోయేది. ఇష్టపడి పెళ్ళి చేసుకున్నప్పుడు ఇవేవీ ఇద్దరికీ పట్టలేదు. వేరు కాపురం పెట్టిన మొదటి వారంలోనే మారెక్క వచ్చింది, జొన్నపిండి మూట, గురెళ్ళ కారప్పొడి, మూత గట్టిగా బిగించిన ఒక డబ్బా తెచ్చింది. "వాడికి ఇవి లేకుంటే ముద్ద దిగదమ్మీ" అంటూ డబ్బా మూత తీసింది. ఎండుచేపలు. యశస్విని బాత్రూంలోకి పరిగెత్తి కక్కుకుంది. బయటికొచ్చేసరికి అత్త మూత పెట్టేసి గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇప్పటికీ యశస్విని గొంతులో ముల్లులా ఉండిపోయింది.

తర్వాత అన్నీ గొడవలే. అతను పొద్దున ఐదుకే లేచి, జీన్సు బట్టలు ఉతికే యూనిట్లో మొదటి షిఫ్టుకు పోవాలి, స్నానం షిఫ్టు అయ్యాకే. లేవగానే స్టవ్ వెలిగిస్తే ఆమెకు ఒళ్ళు మండేది. ఆమె చేసిన పప్పును, నెయ్యి వేసిన చారును పత్యం కూడు అనేవాడు. రాత్రి మిగిలిన అన్నం ఆమె పొద్దున పారేస్తే ఒకరోజు ఆ గిన్నె పట్టుకుని నిలబడిపోయి, "మా అమ్మ అన్నం పారేసేది నేను ఒక్క దినం సూళ్ళేదు యశూ" అన్నాడు. గొంతు పెంచలేదు, అందుకే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. ఆ వారమంతా ఇద్దరూ ఒకే వంటింట్లో ఒకరికొకరు వీపులు పెట్టుకుని రెండు వంటలు చేసుకున్నారు. ఎడమ అర ఆమెది, కుడి అర అతనిది. ఎండుచేపలు ఆదివారం మాత్రమే, మిద్దె మీద, పంపు స్టవ్ మీద, గాలి వీధి వైపు ఉన్నప్పుడు. ఆ ఆదివారాలు ఆమె కొంగు ముక్కుకు చుట్టుకుని గది తలుపులు మూసుకుని కూర్చునేది. ఇట్లా ఎన్నాళ్ళు, ఒక ఇంట్లో రెండు ఇళ్ళు ఎన్నాళ్ళు, అని అమ్మకు ఫోన్ చేసి ఏడ్చింది కూడా.

ఆ తర్వాత ఏం జరిగింది? జ్వరం. రెండేళ్ళ కిందట శ్రావణంలో అతనికి విడవకుండా జ్వరం. ఆమె సెలవు పెట్టి గంజి కాచి పోసింది. జ్వరం దిగాక మొదటిరోజు అన్నంలోకి ఆమె మామూలు పప్పే చేసింది, గొడవకు సిద్ధపడి కంచం పెట్టింది. అతను గమ్మున తినేశాడు. "ఎట్లుంది?" అంటే "బాగుండాది" అన్నాడు. మరుసటిరోజు మెంతికూర పప్పు, బాగుండాది. బీరకాయ పాలు పోసి చేసింది, బాగుండాది. ఆమెకు నవ్వొచ్చింది, జ్వరం నాలుకను మార్చినట్టుందే అనుకుంది. ఆ నవ్వుతోనే ఆమెలో కూడా ఏదో మెత్తబడింది. మనిషి అంత దిగొచ్చినప్పుడు తానెందుకు బిగుసుకోవాలి? బండ్రి పోయి అత్త పక్కన పీట వేసుకుని జొన్నరొట్టె తట్టడం నేర్చుకుంది, అరచేతులు కాలి బొబ్బలెక్కాయి, మారెక్క వాటికి వెన్న రాసింది. రోట్లో ఊరిబిండి పచ్చడి నూరడం నేర్చుకుంది. సద్దన్నం పారెయ్యడం మానేసింది. బొరుగుల ఉగ్గాని చేస్తే అతనితో పాటు మిరపకాయ బజ్జీ కొరికింది. స్టాఫ్ రూంలో సైన్సు టీచర్ భూమిక "మీ ఇంట్లో ఇప్పుడు ఎవరి వంటక్కా?" అని అడిగితే, "రెండు వంటిళ్ళూ కలిసిపోయినాయి, యాడ అతనిది అయిపోతాదో యాడ నాది మొదలైతాదో తెలీదు" అని గొప్పగా చెప్పింది. కొత్తగా పెళ్ళైన భూమిక ఆ మాటను ఎంత ఆశగా విన్నదో. ఇప్పుడా మాట గుర్తొస్తే చెవులు వేడెక్కుతున్నాయి. ఏం వాసన అన్నాడు.

ఆమె కళ్ళముందు ఒక్కొక్కటే వచ్చి నిలబడుతోంది, పిలవని చుట్టాల్లాగా. పోయిన వేసవిలో ఫ్రిజ్ చెడిపోయి పెరుగు పాడైతే, ఆమె గిన్నె మూత తీసి మొహం తిప్పుకుంది, అతను అప్పటికే అందులో సగం కలుపుకుని తినేసి ఉన్నాడు. అరలో చచ్చిన ఎలుక. ఆమె బడినుంచి వచ్చి తలుపు తీస్తూనే కనిపెట్టింది, అతను పొద్దుటినుంచి ఇంట్లోనే ఉండి టీవీ చూస్తున్నాడు. అన్నం అడుగంటి మాడి పొగ వస్తే, పొగ కంటికి కనబడ్డాకే లేచాడు. ఇవి కాదు, ఇవన్నీ చిన్నవి. అసలుది ఇంకొకటి ఉంది, దాని దగ్గరికి మనసు పోవడానికి భయపడుతోంది. పెళ్ళైన కొత్తలో అతను పని నుంచి వచ్చి, వెనక నుంచి ఆమె మెడలో మొహం పెట్టి, "నీ జుట్టు మెంతుల వాసన వస్తాది" అనేవాడు. గొడవ పడిన రోజుల్లో కూడా, మాటలు లేని వారంలో కూడా, నిద్రలో వచ్చి మెడలో ముక్కు పెట్టేవాడు. జ్వరం తర్వాత అది లేదు. మల్లెపూలు తేవడం మానేశాడు. వంటింట్లో ఇంత సఖ్యం కుదిరింది గానీ పడకగదిలో ఏదో పోయింది అని ఆమె ఒక్కతే లోలోపల ఎన్ని రాత్రులు లెక్కేసుకుంది, తనలో ఏం తగ్గిందా అని. అద్దంలో చూసుకుంది. షాంపూ మార్చింది. తగ్గింది తనలో కాదు. కాదని తెలిసినందుకు తేలికపడాలి గదా, పడటం లేదు. ఈ రెండేళ్ళు తాను ఎవరి పక్కన పడుకుంది, ఎవరికి వండి పెట్టింది?

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

అతను వెనక్కి తిరగలేదు. తువ్వాలు అంచు చుట్టుకుంటూ, విప్పుకుంటూ, "జ్వరం అయినాక" అన్నాడు.

"డాక్టరుకు చూపించినావా?"

"చూపించినా. లోపల నరం దెబ్బ తినింది, వస్తే వస్తాది, లేకుంటే లేదన్నాడు. మాత్రలు ఇచ్చినాడు. వాడినా."

"నాకు చెప్పల్యా."

ఎదురింటి కుక్కర్ మళ్ళీ కూసింది. "మొదట్లో వస్తాదిలే అనుకుంటి" అన్నాడు చివరికి. "నోట్లో ఉప్పు తెలుస్తాది, పులుపు తెలుస్తాది, కారం మండుతాది. అంతే. పప్పైనా పులుసైనా అంతే. ఏం చెప్పాల్నో తెలీక బాగుండాది అంటి. నువ్వు నవ్వినావు. శానా దినాలకు నవ్వినావు యశూ. మళ్ళా దినం గూడా నవ్వినావు. ఇంగ ఎట్ల చెప్పేది?"

అంటే అదన్నమాట. తన కాపురంలో పూసిన ఆ మంచి రోజులు ఒక మనిషి రోగం మీద పూసినవి. అతను మారలేదు, దిగి రాలేదు, ఆమె పప్పును ఇష్టపడలేదు. అతనికి పప్పుకూ మట్టికీ తేడా తెలీలేదు, అంతే. ఆ తేడా తెలీకపోవడాన్ని ఆమె ప్రేమ అనుకుంది. ఆ జ్వరం రావడమే మంచిదైంది అని ఒకసారి అమ్మతో ఫోన్లో నవ్వుతూ అనింది కూడా. ఆ మాట ఇప్పుడు ఎట్లా వెనక్కి తీసుకోవాలి? కోపం రావాలని చూసింది. వచ్చింది గానీ నిలబడలేదు, కాళ్ళు లేనిదాన్లా పడిపోయింది. దాని స్థానంలో మళ్ళీ లైటర్ పట్టుకున్న చెయ్యి కనబడింది. ఎన్ని పొద్దులు తాను ఇంకా పడుకునుండగానే అతను లేచి పొయ్యి వెలిగించాడు, ఆ వంటింట్లో, ముక్కు లేకుండా, ఒక్కడే. రోజూ. తాను పక్కగదిలో నిద్రపోతూ.

"మరి ఎండుచేపలు?" అంది ఉన్నట్టుండి. "ప్రతి ఆదివారం మిద్దెమీద చేస్తాండావు గదా. నేను కొంగు మూసుకుని కూసుంటాంటి గదా. వాసనే తెలీనోడివి ఎందుకు చేస్తాంటివి?"

"మానేస్తే అడుగుతావని" అన్నాడు. "నూనెలో ఏగేటప్పుడు సప్పుడు వస్తాది. ఆ సప్పుడుకు మా అమ్మ పక్కన కూసున్నట్ల ఉంటాది. అంతే" అన్నాడు.

ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది. మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. ఆ చేతుల చాటున ఇంకో సంగతి తెలిసొచ్చింది. కారం. "కారం ఇంగ రవ్వంత" అనేవాడు, ఈ మధ్య ప్రతిదాంట్లో. ఊరిబిండిలో ఇంకో నాలుగు మిరపకాయలు, పప్పులో ఇంకో రెండు, చారులో మిరియాలు. బండ్రి నాలుక, అత్త చేతి రుచి కావాలంటున్నాడు అనుకుని ఆమె పెంచుకుంటూ పోయింది. అతనికి కావాల్సింది రుచి కాదు, మంట. నోట్లో ఏదో ఒకటి ఉందని తెలియడానికి మిగిలింది ఆ మంట ఒక్కటే. ఆ మంటనే ఆమె కూడా అతని ఎదురుగా కూర్చుని, కళ్ళలో నీళ్ళు తిరిగితే దగ్గు వచ్చినట్టు నటించి, మింగింది. ఎందుకంటే కలిసిపోయిన వంటింట్లో ఇద్దరూ ఒకటే తినాలి, అదే కదా ఆమె గొప్ప.

"నాకు కారం పడదు" అంది.

అతను ఇప్పుడు వెనక్కి తిరిగాడు.

"కడుపులో పుండైంది. ఏడాదిగా మాత్రలు మింగుతాండా. బడిలో, మధ్యాన్నం. సంచీలో ఉంటాయి." సంచీ జిప్పు లాగి, పేపర్ల కిందినుంచి సగం ఖాళీ అయిన మాత్రల పట్టీ తీసి అతని ముందు పెట్టింది. అతను దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. గ్యాసు వాసన మాట విన్నప్పుడు కూడా పాలిపోని మొహం ఇప్పుడు పాలిపోయింది. ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయింది యశస్విని. ఇదే మొహం కాసేపటి కిందట తనకూ ఉండి ఉంటుంది. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకరి కోసం ఒకరు, ఇద్దరికీ పడని కూడు ఇన్నాళ్ళూ వండుకుని తిన్నారు. భూమికకు ఏం చెప్పాలి ఇంక?

"యాల చెప్పలేదు?" అన్నాడు.

"నువ్వు బాగుండాది అంటాంటివి గదప్పా" అంది.

మెట్ల మీద నీడ జరిగింది. రామలక్ష్మమ్మ తలుపు తీసి బయటికొచ్చి, మెట్ల దగ్గర గాలి పీల్చి చూసి, "ఇంగ పోండమ్మా, ఏం లేదు" అంది. యశస్విని లేవబోయింది. అతను చెయ్యి ఇచ్చాడు. ఆ చెయ్యి పట్టుకోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. పట్టుకుంది.

వంటింట్లోకి ముందు ఆమె పోయింది. మూలమూలకూ పోయి, వంగి, సిలిండర్ దగ్గర, గట్టు కింద, వాసన చూసింది. అతను గుమ్మంలో నిలబడి ఆమె ముక్కు వైపు చూస్తున్నాడు, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లాడిలా. ఇంక ఇది ఇట్లాగే ఉండబోతోంది అనిపించింది ఆమెకు. "పొద్దున నన్ను లేపు" అంది. "స్నానం సంగతి తర్వాత. నేను వాసన చూసినాకనే పొయ్యి. వినపడిందా?" తలూపాడు. "సోమవారం నాతో ఆస్పత్రికి వస్తావు. వేరే డాక్టర్ దగ్గరికి." దానికీ తలూపాడు. "నీకు కారం కావాలంటే కంచంలో పక్కన పొడి వేసుకో. నేను వేసుకోను." ఈసారి తలూపలేదు, "నేనూ వేసుకోనులే" అన్నాడు. "నీ ఇష్టం వచ్చింది నువ్వు తిను, నా కోసం మానొద్దు" అంది ఆమె, కటువుగానే వచ్చింది మాట. వెంటనే, ఈ మాట ఐదేళ్ళ కిందటే అనుంటే, అనుకుంది.

కింద నుంచి అగ్గిపెట్టె తెచ్చాడు. ఇంత ఆలస్యమయ్యాక ఏం వండాలి? ఆమెకేం తోచలేదు. అతనికి ఏం చెయ్యాలా అని ఇన్నాళ్ళూ ఆలోచించిన బుర్ర ఒక్కసారిగా ఖాళీగా ఉంది. పెసరపప్పు కడిగింది, పసుపు వేసింది. మిరపకాయల డబ్బా మీదికి పోయిన చెయ్యి ఆగింది. అతను పక్కనే నిలబడి వెల్లుల్లి వలిచాడు, అడక్కుండానే. వంటింట్లో వాళ్ళిద్దరూ పక్కపక్కన నిలబడటం ఎన్నాళ్ళైందో. పప్పు ఉడుకుతుంటే పసుపు వాసన, జీలకర్ర వేగిన వాసన, నెయ్యి కరిగిన వాసన, ఒక్కొక్కటీ ఆమె ముక్కుకు కొత్తగా, విడివిడిగా తగులుతుంటే, ఇవన్నీ తనకొక్కదానికే వస్తున్నాయి అన్న ఆలోచనకు కళ్ళు మండాయి. చెప్పాలనుకుంది, ఇదిగో ఇప్పుడు జీలకర్ర అని. చెప్పలేదు. అది జాలిలా ఉంటుందేమోనని భయమేసింది.

కంచాలు పెట్టింది. అతను అన్నంలో పప్పు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆమె ఇంకా కలపకుండా అతని దవడ కదలడం చూస్తోంది.

"ఎట్లుంది?" అంది. "నిజం చెప్పు."

అతను నమలడం ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టి, నిదానంగా, కళ్ళు మూసుకుని మింగాడు. నోరు తెరిచి, ఏదో అనబోయి మూసుకున్నాడు. ఆ మూసుకున్న పెదాల వెనక ఆ పాత మాట సిద్ధంగా ఉందని ఆమెకు తెలుసు, అది బయటికొస్తే ఇంక ఈ ఇంట్లో ఏమీ మిగలదని కూడా తెలుసు.

"వేడిగా ఉండాది" అన్నాడు. "మెత్తగా ఉండాది. ఇంగేం తెలీలేదు." ఆగాడు. "ఉప్పు తక్కువైంది."

పెళ్ళైన కొత్తలో అయితే ఆ మాటకు ఆమె కంచం వదిలి లేచిపోయేది. ఇప్పుడు తన అన్నంలో పప్పు కలుపుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుని, తొందరపడకుండా నమిలి చూసింది.

నిజమే. తక్కువైంది.